వెట్ స్కూల్‌కు ముందే క్లినిక్ అనుభవం: అమెరికా ఎందుకు అడుగుతుంది, దేన్ని లెక్కలోకి తీసుకుంటుంది

ఒకే ఇంటి పిల్లలు ఇద్దరున్నారనుకుందాం. పెదనాన్న కూతురు తిరుపతి వెటర్నరీ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతోంది. ఇంటర్ బైపీసీ చదివింది, పరీక్ష రాసింది, ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌లో సీటు దొరికింది. ఆవు పొదుగు మీద మొదటిసారి చేయి వేసింది మాత్రం కాలేజీలో చేరాకే. బాబాయి కూతురు డాలస్ దగ్గర పదకొండో తరగతిలో ఉంది. ఆమెకూ పశువైద్యమే కావాలి. కానీ ఆమెను స్కూల్లో అడిగిన మొదటి ప్రశ్న మార్కుల గురించి కాదు. "ఇప్పటిదాకా వెటర్నరీ డాక్టర్ దగ్గర ఎన్ని గంటలు గడిపావు?" అని.

పండక్కి వీడియో కాల్‌లో ఈ సంగతి వస్తే ఇక్కడి పెద్దవాళ్ళు అడిగేది ఒకటే: "చదివాక కదా పని నేర్పాలి, చదువులో చేరకముందే డాక్టరు దగ్గర పనేంటి?" అడగాల్సిన ప్రశ్నే. అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు కూడా దీని సంగతి పూర్తిగా తెలియదు. గంటలంటే ఏ గంటలు? 'హ్యాండ్స్ ఆన్' అంటే పిల్ల చేత్తో సూది వేయాలా? జీతం లేకుండా చేస్తే వీసాకు ఇబ్బంది ఉండదా? వేసవిలో ఊరికి పంపి పశువుల ఆసుపత్రిలో నిలబెడితే చెల్లుతుందా?

ర్యాంకు ముందా, అనుభవం ముందా

మన దగ్గర బీవీఎస్సీ అండ్ ఏహెచ్ అయిదున్నరేళ్ళ కోర్సు. వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం నాలుగున్నరేళ్ళు చదువు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాలో నీట్ ర్యాంకు మీద నిండుతాయి. సీటు ఇచ్చేటప్పుడు చూసేది ర్యాంకు, రిజర్వేషన్, స్థానికత. వ్యవసాయ కుటుంబాల పిల్లలకు కోటా ఉంది గాని, అక్కడా అడిగేవి పొలం కాగితాలు, పల్లె బడిలో చదివిన సర్టిఫికెట్లు. గేదె ఈనుతుంటే ఎప్పుడైనా పక్కన నిలబడ్డావా అని ఎవరూ అడగరు. అనుభవమంతా కోర్సు లోపలే వస్తుంది: ముందు కాలేజీ వాళ్ళ పశుక్షేత్రం, తర్వాత ఆసుపత్రి, చివర్లో ఇంటర్న్‌షిప్.

అమెరికాలో వెటర్నరీ డిగ్రీ నాలుగేళ్ళు. పేరు డీవీఎం, ఒక్క పెన్సిల్వేనియా యూనివర్సిటీ మాత్రం వీఎండీ అంటుంది, చదువు అదే. అయితే అది ఇంటర్ అవగానే చేరే కోర్సు కాదు. ముందు మామూలు కాలేజీలో కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ లాంటి సబ్జెక్టులు పూర్తిచేయాలి. చాలామంది నాలుగేళ్ళ డిగ్రీ ముగిస్తూనో, ముగించాకో దరఖాస్తు పెడతారు. అంటే అడిగేది ఇరవై దాటిన మనిషిని. ఆ వయసువాళ్ళు తాము ఎంచుకున్న పనిని దగ్గరగా చూసి ఉండాలని కాలేజీలు ఆశిస్తాయి. దరఖాస్తులు దాదాపు అన్నీ వీఎంకాస్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ ఫారం ద్వారానే వెళ్తాయి. సెప్టెంబరు మధ్యలో గడువు ముగిస్తే, తరగతులు మొదలయ్యేది మరుసటి ఏడాది ఆగస్టు ప్రాంతంలో.

బ్రిటన్‌ది ఈ రెండింటికీ మధ్య దారి. అక్కడ మనలాగే స్కూలు ముగియగానే చేరతారు, కోర్సు సాధారణంగా అయిదేళ్ళు. కొన్ని కాలేజీలు చేరకముందే కొంత అనుభవం అడుగుతాయి. కానీ అసలు బరువు కోర్సు మీదే ఉంటుంది: సెలవుల్లో పశుపోషణ పనుల్లో 12 వారాలు, క్లినిక్‌లలో 26 వారాలు, మొత్తం 38 వారాలు గడపాలన్నది అక్కడ చాలాకాలం నడిచిన నియమం.

ఒకే షెల్టర్, రెండు రకాల గంటలు

వీఎంకాస్ ఫారంలో అనుభవాన్ని గదులుగా విడగొడతారు. ముఖ్యమైనవి మూడు.

వెటర్నరీ అనుభవం అంటే వెటర్నరీ డాక్టర్ పర్యవేక్షణలో గడిపిన సమయం. అది క్లినిక్కే కానక్కర్లేదు. కోళ్ళ కంపెనీలో పనిచేసే డాక్టరుతో తిరిగినా, మాంసం తనిఖీ చేసే ప్రభుత్వ వెటర్నరీ డాక్టరుతో ఉన్నా, జూ డాక్టరు వెంట నడిచినా ఇందులోకే వస్తుంది. జంతువులతో అనుభవం అంటే డాక్టరు లేకుండా జంతువులతో చేసిన పని: డెయిరీలో పాలు పితకడం, గుర్రాలశాల శుభ్రం చేయడం, షెల్టర్‌లో కుక్కల్ని నడిపించడం, పక్కింటివాళ్ళు ఊరెళ్తే డబ్బు తీసుకుని వాళ్ళ పిల్లిని చూసుకోవడం. ఇంట్లో సొంత కుక్కను పెంచడం మామూలుగా దీనికింద చెల్లదు. మూడోది పరిశోధన అనుభవం, అంటే ల్యాబ్‌లో పని.

అసలు తికమక వచ్చేది ఒకేచోట రెండు రకాల పని జరిగినప్పుడు. ఒకమ్మాయి ఆదివారం పొద్దున షెల్టర్‌కు వెళ్ళింది. తొమ్మిది నుంచి పదకొండు దాకా బోన్లు కడిగి, కుక్కల్ని బయట తిప్పింది. పదకొండు నుంచి ఒంటిగంట దాకా షెల్టర్ డాక్టరు పిల్లులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తుంటే పక్కనే ఉండి, స్టెరిలైజ్ చేసిన పరికరాల కట్టలు అందించి, ఆపరేషన్ అయిన పిల్లులు మెలకువలోకి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉంది. మొదటి రెండు గంటలు జంతువులతో అనుభవం, తర్వాతి రెండు గంటలు వెటర్నరీ అనుభవం. షెల్టర్ ఒకటే కదా అని నాలుగు గంటలనూ వెటర్నరీ గదిలో రాస్తే అది పొరపాటు. ఫారంలో పర్యవేక్షించినవారి పేరు, వివరాలు కూడా రాయాలి కాబట్టి అడిగి తెలుసుకోవడం కాలేజీలకు పెద్ద పని కాదు.

ఇదే కొలతతో మన ఊరి పనినీ చూడొచ్చు. తాతగారి గేదెలకు మేత వేయడం, పాలు తీయడం జంతువులతో అనుభవం. గోపాలమిత్ర వెంట బండి మీద తిరిగి కృత్రిమ గర్భధారణ చూడటం కూడా, పక్కన డాక్టరు లేకపోతే, అదే. మండల కేంద్రంలో పశువుల ఆసుపత్రి డాక్టరు దగ్గర నిలబడితే అప్పుడు వెటర్నరీ అనుభవం.

'చేత్తో చేయడం' ఎక్కడిదాకా

ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే. హ్యాండ్స్ ఆన్ అనగానే కుట్లు వేయడం, సూదులు గుచ్చడం గుర్తొస్తాయి. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ ఒక వెటర్నరీ ప్రాక్టీస్ చట్టం ఉంది. వివరాలు రాష్ట్రాన్నిబట్టి మారినా మూలసూత్రం ఒక్కటే: రోగం ఇదీ అని తేల్చడం, మందు రాయడం, ఆపరేషన్ చేయడం లైసెన్సున్న డాక్టరు పని. ఆ కింద పరీక్ష పాసై అర్హత పొందిన టెక్నీషియన్లు ఉంటారు. రక్తం తీయడం, మత్తులో ఉన్న జంతువును కనిపెట్టుకుని ఉండటం, పళ్ళు శుభ్రం చేయడం లాంటివి వాళ్ళు చేస్తారు. ఇంకా కింద వెటర్నరీ అసిస్టెంట్లు, చాలాచోట్ల చేరాకే పని నేర్చుకునేవాళ్ళు. అందరికంటే కింది మెట్టు మీద ఉంటుంది చదువుకుంటూ వచ్చిన మన అమ్మాయి.

మరి ఆ మెట్టు మీద చేతికి దొరికే పనేమిటి? ఒక మామూలు శనివారం చూద్దాం. తలుపులు తెరవకముందే రాత్రి ఉన్న జంతువుల బోన్లు తీసి కడగాలి. ఏది తిన్నది, ఏది తినలేదు, ఏది వాంతి చేసుకుంది అన్నది చార్టులో రాయాలి. ఈ రాయడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని, ఆపరేషన్ అయిన కుక్క రాత్రి మూత్రం పోసిందా లేదా అన్న ఒక్క గీత మీద డాక్టరు ఆరోజు నిర్ణయం ఆధారపడవచ్చు. తర్వాత గదిలోకి కేసులు వస్తాయి. లాబ్రడార్‌ను బల్ల మీదికి ఎత్తాలి, తల కదలకుండా మెడ చుట్టూ చేయి వేసి పట్టుకోవాలి. ఇదే 'రెస్ట్రెయింట్'. వినడానికి తేలిక, చేయడం కష్టం. గట్టిగా పట్టుకుంటే జంతువు బెదురుతుంది, వదులుగా పట్టుకుంటే డాక్టరు చేతిని కరుస్తుంది. పిల్లి చెవులు వెనక్కి మడిచి, తోక కొరడాలా ఆడిస్తుంటే చేయి తీయాలా ఉంచాలా అన్నది పుస్తకంలో చదివితే రాదు. పిల్లి కాటు చూడటానికి సూది గుచ్చినంతే ఉంటుంది. ఒక్కరోజులో చేయి వాచి ఆసుపత్రికి వెళ్ళాల్సి రావచ్చు.

మధ్యలో ఉష్ణోగ్రత చూడటం నేర్పుతారు. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే, మనిషికైతే అది జ్వరం. మలం నమూనాలో నులిపురుగుల గుడ్లు ఎలా కనబడతాయో మైక్రోస్కోపు కింద చూపిస్తారు. పరికరాలు తోమి, గుడ్డలో చుట్టి, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టాలి. ఎక్స్‌రే తీసేటప్పుడు మాత్రం 18 ఏళ్ళు నిండనివాళ్ళను చాలాచోట్ల బయటికి పంపేస్తారు. ఇక చాలా సమయం నిలబడి చూడటమే. డాక్టరు యజమానితో మాట్లాడేటప్పుడు నోరు మూసుకుని వినాలి.

అసలు చదువు అక్కడే జరుగుతుందని నా అభిప్రాయం. పద్నాలుగేళ్ళ కుక్కకు కిడ్నీలు పాడయ్యాయి. చికిత్సకు ఇన్ని వేల డాలర్లు, బతికితే ఇన్ని నెలలు అని డాక్టరు చెబుతుంది. యజమాని లెక్కలు వేసుకుని, ఏడ్చి, మందిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చమంటాడు. కొన్నిసార్లు నయమయ్యే జబ్బే అయినా చేతిలో డబ్బులేక అదే మాట అంటాడు. జంతువులంటే ప్రాణం కాబట్టి వెటర్నరీ చదువుతానన్న పిల్ల ఆ గదిలో అరగంట నిలబడితే, ఈ వృత్తిలో జంతువులతో ఎంత పనో మనుషులతోనూ అంతే పనని తెలుస్తుంది. వెట్ స్కూల్ ఇంటర్వ్యూల్లో ఇలాంటి సందర్భాల గురించి అడగడం మామూలు. ఎన్ని సూదులు గుచ్చావని అడిగేవాళ్ళు అరుదు.

గంటల కూడిక, గంటల మాయ

ఎన్ని గంటలు చాలు అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. కొన్ని కాలేజీలు కనీసం ఇన్ని వందల గంటలని గీత గీస్తాయి. కొన్ని గీత గీయవు, వచ్చిందాన్ని బట్టి తూకం వేస్తాయి. కొన్ని హైస్కూల్ రోజుల అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవు, డిగ్రీలో చేరాక చేసిందే చూస్తాయి. అందువల్ల పదకొండో తరగతి పిల్ల కూడబెట్టిన గంటలు కొన్నిచోట్ల అంకెగా పనికిరాకపోవచ్చు, ఆమె నిర్ణయానికి మాత్రం పనికొస్తాయి.

లెక్క వేసి చూద్దాం. డిగ్రీ రెండో ఏట ఉన్న విద్యార్థిని ప్రతి శనివారం నాలుగు గంటలు, ఏడాదికి 40 వారాలు క్లినిక్‌కు వెళ్తే 160 గంటలు. వేసవిలో ఎనిమిది వారాలు, వారానికి 20 గంటల చొప్పున పెద్ద పశువుల డాక్టరుతో తిరిగితే ఇంకో 160. ఇలా రెండేళ్ళు చేస్తే మొత్తం 640. అదే డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఆగి, వారానికి 40 గంటలు, 48 వారాలు అసిస్టెంటుగా ఉద్యోగం చేసినవాళ్ళకు 1,920 గంటలు. మూడింతలు. అంకెల పందెమైతే మొదటి అమ్మాయి ఓడిపోయినట్టే.

కానీ ఆ 1,920 గంటలూ ఒకే క్లినిక్‌లో కుక్కలు, పిల్లులతో గడిచినవి. మొదటి అమ్మాయి పిల్లి కాటూ చూసింది, అర్ధరాత్రి ఆవు ఈతలో ఇబ్బందిపడటమూ చూసింది. కొందరు ఎంపికదారులకు ఈ వెడల్పు నచ్చుతుంది: పశువులు, గుర్రాలు, పెంపుడు జంతువులు, అడవి జంతువులు, ల్యాబ్, ఇలా నాలుగు మూలలు చూశావా అని. కొందరికి లోతు నచ్చుతుంది: ఒకేచోట రెండేళ్ళు నిలబడ్డావంటే బాధ్యత పెరిగి ఉంటుంది, నిన్ను ఎరిగిన డాక్టరు ఉంటారు అని. రెండు వాదనల్లోనూ పస ఉంది.

లోతుకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. వీఎంకాస్‌కు కనీసం మూడు సిఫారసు లేఖలు కావాలి. వాటిలో ఒకటైనా వెటర్నరీ డాక్టరుదై ఉండాలని చాలా కాలేజీలు కోరతాయి. ఆరు క్లినిక్‌లలో తలా 30 గంటలు నిలబడితే 180 గంటలవుతాయి గాని, ఆ ఆరుగురు డాక్టర్లలో పిల్ల పేరు గుర్తున్నవారు ఎందరు? ఒక్కచోట 180 గంటలు ఉంటే, భయపడిన పిల్లిని ఎలా పట్టుకుందో, తప్పు చేసిన రోజు దాచకుండా వచ్చి ఎలా చెప్పిందో రాయగలిగే మనిషి ఒకరుంటారు.

జీతం లేని పని, హెచ్‌-4 వీసా

మనవాళ్ళ ఇళ్ళలో పెద్ద టెన్షన్ ఇదే. దీన్ని రెండు పొరలుగా విప్పాలి.

మొదటి పొర అందరికీ వర్తించే కార్మిక చట్టం. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం ప్రకారం, లాభం కోసం నడిచే ప్రైవేటు సంస్థ ఉద్యోగి చేసే పనిని 'వాలంటీర్' పేరుతో ఉచితంగా చేయించుకోకూడదు. ప్రైవేటు వెటర్నరీ క్లినిక్ అంటే వ్యాపారమే. అమెరికాలో పెద్ద క్లినిక్ గొలుసులు వీసీఏ, బాన్‌ఫీల్డ్ రెండూ మార్స్ కంపెనీవి, చాక్లెట్లు చేసే మార్సే. అలాంటిచోట పిల్ల వచ్చి ఊరికే బోన్లు కడిగితే చట్టపరంగా చిక్కు వాళ్ళకే. దానికితోడు కుక్క కరిస్తే బీమా ఎవరిది అన్న భయం. "మా దగ్గర వాలంటీర్లను తీసుకోం" అన్న జవాబు తరచూ వినబడటానికి మొహమాటం లేని ఈ రెండు కారణాలు చాలు. నమోదైన ధర్మసంస్థలు, అంటే చాలా షెల్టర్లు, హ్యూమేన్ సొసైటీలు, వాలంటీర్లను తీసుకోవచ్చు. ఇక 'షాడోయింగ్' అంటే నీడలా వెంట ఉండి చూడటం. పనేమీ చేయరు కాబట్టి జీతం ప్రశ్న రాదు. జీతం లేని ఇంటర్న్‌షిప్ మధ్యలో ఉంటుంది. 2018 నుంచి కార్మిక శాఖ చూస్తున్నది ప్రధాన లాభం ఎవరికని: నేర్చుకునేవాళ్ళకు ఎక్కువ లాభమైతే సరే, సంస్థకు ఎక్కువ లాభమైతే జీతం ఇవ్వాలి.

రెండో పొర వీసా. తండ్రో తల్లో హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉంటే పిల్లలు హెచ్‌-4. వాళ్ళకు పని అనుమతి లేదు. 2015 నుంచి కొందరు హెచ్‌-1బీ ఉద్యోగుల జీవితభాగస్వాములకు దొరుకుతున్న ఈఏడీ అనే పని అనుమతి కార్డు పిల్లలకు వర్తించదు. అంటే క్లాసులో పక్క బెంచీలో కూర్చునే పౌరురాలు పదహారేళ్ళకే క్లినిక్‌లో పార్ట్‌టైం ఉద్యోగంలో చేరి జీతంతోపాటు గంటలూ సంపాదిస్తుంటే, హెచ్‌-4 పిల్లకు ఆ తలుపు మూసే ఉంటుంది. జీతం తీసుకోకుండా అదే పని చేస్తే సరిపోతుందనుకోవడం ప్రమాదం. మామూలుగా డబ్బిచ్చి చేయించే పనిని ఉచితంగా చేసినా అది అనుమతి లేని ఉద్యోగంగా లెక్కకు రావచ్చు. ఆమెకు నిక్కచ్చిగా మిగిలేవి ప్రైవేటు క్లినిక్‌లో షాడోయింగ్, ధర్మసంస్థ షెల్టర్‌లో నిజమైన వాలంటీర్ పని.

గ్రీన్‌కార్డు వరుస కదలక 21 ఏళ్ళు నిండితే హెచ్‌-4 చెల్లదు, చాలామంది ఎఫ్‌-1 విద్యార్థి వీసాకు మారతారు. విచిత్రమేమిటంటే, ఈ ఒక్క విషయంలో ఎఫ్‌-1 కొంత నయం. యూనివర్సిటీ ఆవరణలో క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటల వరకు జీతంతో పని చేయొచ్చు. ఆ యూనివర్సిటీకి సొంత డెయిరీయో, టీచింగ్ హాస్పిటలో ఉంటే ఆ గంటలే అనుభవమూ అవుతాయి. బయటి క్లినిక్‌లో జీతానికి పనిచేయాలంటే చదువులో భాగంగా వచ్చే సీపీటీ లాంటి అనుమతి కావాలి, దానికి ముందు సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తికావాలి. ఆపైన ఇంకో అడ్డు: కొన్ని ప్రభుత్వ వెట్ స్కూళ్ళు విదేశీ విద్యార్థులను తీసుకోవు, తీసుకున్నా సీట్లు కొన్నే.

వేసవిలో ఊరి పశువుల ఆసుపత్రి

ఇదంతా చూశాక "జూన్‌లో ఎలాగూ ఊరికొస్తాం కదా" అన్న ఆలోచన రావడం సహజం. మంచి ఆలోచనే. అమెరికా నగరాల్లో పెరిగిన పిల్లకు పెద్ద పశువుల అనుభవం దొరకడం కష్టం. మన మండల ఆసుపత్రిలో పొద్దున్నే దొరికేది అదే. ట్రెవిస్ అనే చట్రంలో కట్టేసిన గేదెకు డాక్టరు భుజం దాకా ప్లాస్టిక్ గ్లవ్ తొడుక్కుని చూడి పరీక్ష చేస్తారు. మాయ పడలేదని ఒకరు, పొదుగు వాచిందని ఒకరు, ఎద సూది వేయించాలని ఒకరు వస్తారు. డొక్క మీద స్టెతస్కోపు పెట్టి వింటే నెమరు పొట్ట కదలిక దూరపు ఉరుములా వినిపిస్తుంది. వానలకు ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేసే కాలం కూడా దాదాపు అదే. 1962కు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్స్ ఎలా పనిచేస్తుందో చూడటమూ చిన్న పాఠం కాదు. అక్కడి దరఖాస్తుల గుట్టలో ఇలాంటి అనుభవం విడిగా కనిపిస్తుంది.

చిక్కు ఒకటుంది. ఇక్కడ మొహమాటం ఎక్కువ, అడ్డు తక్కువ. "అమెరికా నుంచి వచ్చింది పాపం, ఒక సూది వేయనీ" అనేవాళ్ళు ఉంటారు. మన చట్టం కూడా దీనికి ఒప్పుకోదు. 1984 నాటి భారత వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం వైద్యం చేయాల్సింది రిజిస్టరైన డాక్టర్లు. డిప్లొమా చేసినవాళ్ళు కూడా ప్రభుత్వ ఉత్తర్వు ఉంటేనే, డాక్టరు పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు చేయాలి. దరఖాస్తులో "ఇండియాలో నాచేత కుట్లు వేయించారు" అని గొప్పగా రాస్తే చదివేవాళ్ళకు కనిపించేది నైపుణ్యం కాదు. తమ దగ్గర చేయకూడని పనిని పేద రైతు గేదె మీద చేసొచ్చిందే అని.

జబ్బుల సంగతీ తెలియాలి. ఈసుకుపోయిన, అంటే గర్భం పోయిన పశువు మాయను, ఉమ్మనీటిని వట్టి చేతులతో ముట్టుకుంటే బ్రూసెల్లోసిస్ అంటుకోవచ్చు. నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ళ నొప్పులు దాని పని. రేబిస్‌కు ముందుగానే టీకా వేయించుకోవచ్చు, అమెరికాలో 2022 నుంచి ఈ ముందస్తు టీకా రెండు డోసులే, మొదటిది వేశాక ఏడు రోజులకు రెండోది. ఆ తర్వాత కరిస్తే చికిత్స అక్కర్లేదని దానర్థం కాదు, చికిత్స చిన్నదవుతుందంతే.

ఈ షరతు న్యాయమేనా

అనుభవం అడగాలనేవాళ్ళ వాదన బలమైనదే. బయటి రాష్ట్రం విద్యార్థికి నాలుగేళ్ళ ఖర్చు రెండు లక్షల డాలర్లు దాటే కాలేజీలు చాలా ఉన్నాయి. అంత అప్పు చేసి చేరాక, రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయనో, నిద్రపుచ్చే గదిలో నిలబడలేననో తెలిస్తే నష్టం ఆ పిల్లకే. అమెరికా వెటర్నరీ డాక్టర్ల మరణాల్లో ఆత్మహత్యల వాటా సాధారణ జనంలోకంటే ఎక్కువని 2019లో వచ్చిన, అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ పరిశోధకుల అధ్యయనం చూపింది. వృత్తి బరువు తెలిసి రావాలనడంలో తప్పేముంది అంటారు వీళ్ళు.

ఎదుటివాళ్ళూ ఊరుకోరు. జీతం లేకుండా వందల గంటలు గడపగలిగేది ఎవరు? ఇంట్లో కారుండి, ఖర్చులకు నాన్న ఇచ్చేవాళ్ళు. వేసవంతా కిరాణా కొట్టులో పనిచేసి ఫీజు కట్టుకునే పిల్లకు ఆ గంటలెక్కడివి? ఎవరైనా డాక్టరు తెలిసి ఉండటం కూడా ఒక ఆస్తే, వలస వచ్చిన కుటుంబాలకు అది తక్కువ. కోవిడ్ వచ్చినప్పుడు క్లినిక్‌లు తలుపులు మూసేస్తే చాలా కాలేజీలు ఈ షరతును సడలించాయి. మరి అంతకుముందు అంత అవసరమెందుకయిందని అప్పుడు అడిగినవాళ్ళున్నారు. కొన్ని కాలేజీలు గంటల అంకెకు బరువు తగ్గించి, ఏం నేర్చుకున్నావో రాయమనడం వెనుక ఈ విమర్శ ఉంది.

మన పద్ధతికి ఈ అన్యాయం లేదు. కోచింగ్ ఖర్చు అనే వేరే అన్యాయం ఉంది. ర్యాంకు వచ్చింది కాబట్టి, ఎంబీబీఎస్ అందలేదు కాబట్టి చేరినవాళ్ళు మన వెటర్నరీ కాలేజీల్లో కొత్త కాదు. వాళ్ళలో కొందరు రెండో ఏటికి పశువులను ప్రేమించడం నేర్చుకుంటారు, కొందరు బ్యాంకు పరీక్షలకు చదువుతూ గడిపేస్తారు. దరఖాస్తుకు ముందు పది రోజులైనా పశువుల ఆసుపత్రిలో నిలబెడితే ఇద్దరికీ మేలని నాకనిపిస్తుంది, గంటలు లెక్కపెట్టకుండా.

తిరిగి మొదటి మెట్టు మీదికి

డిగ్రీ అయ్యాక కథ తలకిందులవుతుంది. తిరుపతిలోనో, గన్నవరంలోనో, రాజేంద్రనగర్‌లోనో బీవీఎస్సీ చేసి అమెరికా వెళ్ళినవారికి అక్కడ నేరుగా లైసెన్సు రాదు. ఈసీఎఫ్‌వీజీ లేదా పేవ్ అనే అర్హత దారి నడవాలి. ఈసీఎఫ్‌వీజీ చివరి మెట్టు చేత్తో చేసి చూపించే పరీక్ష. మత్తు, ఆపరేషన్, పెంపుడు జంతువుల వైద్యం, గుర్రాలు, పశువులు, ఎక్స్‌రే, చనిపోయిన జంతువును కోసి కారణం చూడటం, ఇలా ఏడు భాగాలు. ఆపైన లైసెన్సు కోసం అక్కడి పిల్లలందరూ రాసే నావ్లీ పరీక్ష.

గేదె గర్భసంచిలో అడ్డం తిరిగిన దూడను సరిచేసిన చేతులకు పశువుల భాగం పెద్ద కష్టం కాదు. ఇబ్బంది పెట్టేవి పెంపుడు జంతువుల మత్తు, ఆపరేషన్ భాగాలు: అక్కడి యంత్రాలు, అక్కడి మందుల కొలతలు, నిమిషానికొకసారి చార్టు రాసే పద్ధతి. అవి చేతికి రావాలని చాలామంది మన డాక్టర్లు ఏదో ఒక క్లినిక్‌లో అసిస్టెంటుగా చేరతారు. ఊళ్ళో పదేళ్ళు డాక్టరుగారు అనిపించుకున్న మనిషి అక్కడ లాబ్రడార్ మెడ చుట్టూ చేయి వేసి కదలకుండా పట్టుకుంటారు. రెండడుగుల దూరంలో, చేతులు కట్టుకుని చూస్తూ, వీఎంకాస్ కోసం గంటలు రాసుకునే పదిహేడేళ్ళ పిల్ల ఒకతె నిలబడి ఉంటుంది.